ఊపిరి తీసేసిన పుస్తకాలు

ఆ భవనంలో అందరూ ఆవిడను సౌండక్క అనేవారు. గేటు దగ్గర కాపలా మనిషి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడు, అతనూ సౌండక్క అనే పిలిచేవాడు. చూపు లేని పాఠకుల కోసం పుస్తకాలను చదివించి, రికార్డు చేసి అరువిచ్చే గ్రంథాలయం అది. చదివేవాళ్ళు గాజు కిటికీకి అవతల కూర్చుని చదువుతారు. ఇవతల సౌండక్క కూర్చుని రికార్డు చేస్తుంది, ఆ తర్వాత వారాల తరబడి దాన్ని దిద్దుతుంది. పంతొమ్మిదేళ్ళుగా దిద్దుతోంది. తాను దిద్దని గొంతు పాఠకుడి చెవిన పడకూడదని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదలతో వేగలేక ముగ్గురు ఆఫీసర్లు చేతులెత్తేసి, బదిలీ రాగానే హాయిగా వెళ్ళిపోయారు.

దిద్దడమంటే ఏమిటో చెప్పకపోతే ఆవిడ కోపం ఎవరికీ అర్థం కాదు. ఆవిడ బల్ల మీద ముప్పై ఒక్క పుల్లలున్న ఈక్వలైజరు ఉంటుంది. గొంతులోని బరువైన శబ్దం ఎడమ చివర, ఈలలాంటి సన్నటి శబ్దం కుడి చివర, మిగతాదంతా మధ్యలో. ప్రతి పుల్ల కిందా దాని శబ్దం అంకె ఉంటుంది, బరువైన వాటికి వందల్లో, సన్నటి వాటికి వేలల్లో. ఏ పుల్లను పైకి జరిపితే గొంతులో ఆ భాగం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. దాని పక్కన కంప్రెసరు. గొంతు ఒక హద్దు దాటి లేచిందంటే తొక్కిపెడుతుంది, పైగా మొత్తాన్నీ ఒక మెట్టు పైకెత్తుతుంది. దాంతో అరుపూ గుసగుసా దాదాపు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. మూడోది గేటు. మాట లేనప్పుడు తలుపు మూసేసి, కుర్చీ కిర్రుమన్నా, కాగితం తిప్పినా, మనిషి ఊపిరి పీల్చినా బయటికి పోనివ్వదు. దాని కన్నుగప్పి జారుకున్న ఊపిరులను సౌండక్క కంప్యూటరు తెర మీద వెతికి, ఒక్కొక్కటే కోసి పారేసేది. ఒక్కో పుస్తకంలో అలాంటివి నాలుగైదు వేలుండేవి.

ఈ విద్య ఆవిడ మేనమామ నడిపిన రేడియో రిపేరు కొట్టులో అబ్బింది. పదిహేనేళ్ళప్పుడే స్పీకరు మీద వేలితో తట్టి అందులో ఏం పోయిందో చెప్పేది. ఆ చెవి ఇంట్లో కూడా ఊరుకునేది కాదు. ఫ్రిజ్జు గోడకు ఆనుకుని వంద అంకె దగ్గర గుంయ్‌మంటోందని దాన్ని జానెడు ముందుకు జరిపించింది, అప్పటినుంచి వంటింట్లో ఇద్దరు పట్టరు. భర్త కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. రోజంతా మెట్లెక్కి దిగి వచ్చి కుర్చీలో కూలబడి ఏదో చెప్పబోతే, "ఆ మూలలో కూర్చుని మాట్లాడకండి, మీ గొంతు ముద్దగా వస్తోంది" అనేది.

"నీతో కాపురం చేయాలంటే నా నోటికి కూడా ఒక మీటరు బిగించుకోవాలి" అనేవాడు ఆయన, కుర్చీ జరుపుకుంటూ.

గ్రంథాలయంలో ఎక్కువ పుస్తకాలు చదివింది మాస్టారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పదహారేళ్ళుగా వస్తున్నారు, ఇప్పుడు డెబ్బై మూడు. కథలో ఎవరైనా పరుగెత్తితే ఈయన గొంతూ పరుగెత్తుతుంది. ఎవరైనా చనిపోతే గుసగుసలోకి దిగిపోతుంది. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు జారిపోతుంది. మన భాషలో అసలు సంగతి తేలేది అక్కడే కదా, వెళ్ళాడో వెళ్ళలేదో చివరి మాటే చెప్పాలి. సరిగ్గా ఆ మాటనే మాస్టారు మింగేస్తారు. సౌండక్క కంప్రెసరుతో దాన్ని మళ్ళీ నోట్లోంచి లాగి పైన కూర్చోబెడుతుంది. ఆ తర్వాత నూట అరవై పుల్లను పైకి నెట్టి, సన్నబడ్డ గొంతుకు కాస్త ఒళ్ళు తెప్పిస్తుంది. అంతా అయ్యాక కళ్ళు మూసుకుని వింటే, మాస్టారు చెవి పక్కనే కూర్చుని చెబుతున్నట్టుండేది. ఆ నిమిషం కోసమే ఆవిడ ఆ ఉద్యోగం చేసేది.

"అమ్మా, ఇన్నేళ్ళుగా నా ఊపిరంతా కోసి ఎక్కడ దాస్తున్నావు?" అనేవారు మాస్టారు. "తిరిగిచ్చేస్తే ఇంకో నాలుగేళ్ళు బతుకుతాను."

"మీరు పీల్చకుండా చదివితే నేను కోయకుండా ఉంటాను మాస్టారూ" అనేది సౌండక్క.

కొత్త ఆఫీసరు మంచి మనిషి, చిక్కంతా అదే. ఆయన అరిస్తే ఈవిడ తిరిగి అరవచ్చు. ఆయన అరవడు. ఒక సోమవారం ఉదయం పిలిచి, కుర్చీ చూపించి, ఒక కాగితం ముందు పెట్టాడు.

"అక్కా, మీరు దిద్దడం పూర్తయ్యేలోగా పాఠకులు ఆగలేకపోతున్నారని రెండేళ్ళ కిందట ముడి ప్రతులు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు కదా. ఆ తర్వాత మీరు దిద్దినవి వచ్చాయి. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పదిమందిలో ఎనిమిదిమంది ముడి ప్రతే అడుగుతున్నారు."

"వాళ్ళకి తెలియక అడుగుతున్నారు" అంది సౌండక్క.

"రెండేళ్ళ నుంచీ తెలియకుండా ఉంటుందా అక్కా? దిద్దే పని వచ్చే నెల నుంచి ఆపేద్దామనుకుంటున్నాను. అరువు కౌంటరులో మనిషి లేరు, మీరు అక్కడ కూర్చుందురుగాని."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కౌంటరు అవమానం కాదు, కూర్చునే పని ఎక్కడైనా కూర్చునే పనే. కుర్చీ కిర్రులూ, కాగితాల గరగరలూ, మాస్టారి దగ్గులూ ఉన్న ప్రతిని ఎనిమిదిమంది కోరి తీసుకుంటున్నారంటే, పంతొమ్మిదేళ్ళు తను చేసిందేమిటి? అందులో ఎవరికైనా పనికొచ్చింది ఎంత? ఆ లెక్క తేలకుండా ఆ గదిలోంచి కదలదలచుకోలేదు.

"ఒక్క వారం ఇవ్వండి" అంది. "అందరికంటే ఎక్కువ పుస్తకాలు తీసుకునేది ఎవరో చెప్పండి. ఎదురుగా కూర్చోబెట్టి రెండూ వినిపిస్తాను. ఆ తర్వాత మాట్లాడదాం."

ఎక్కువ పుస్తకాలు తీసుకునేది ఒక ఆసుపత్రిలో ఫోను బల్ల దగ్గర పనిచేసే ఆవిడ. నలభై దాటి ఉంటుంది, పుట్టుకతోనే చూపు లేదు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. సౌండక్క తన పెద్ద హెడ్‌ఫోన్లు సంచీలో పెట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. తీగ చివర కిటికీ గట్టు మీద ఫోను ఏదో వాగుతోంది. టకటకటకమని, ఒక్క ముక్క అర్థం కాకుండా.

"మీ ఫోను పాడైనట్టుందండీ" అంది సౌండక్క, ఇంకా గడప దాటకుండానే.

"పాడవలేదండీ, మాస్టారు చదువుతున్నారు" అంది ఫోనావిడ. "మూడింతల వేగంలో పెట్టాను."

సౌండక్క లోపలికొచ్చి ఫోనుకు చెవి ఆనించింది. పదహారేళ్ళుగా రోజూ విన్న గొంతును గుర్తుపట్టలేకపోయింది.

"ఇలా వింటారా మీరు?"

"మరి ఎలా వినమంటారు? మీరు కళ్ళతో పేజీ ఎంతసేపట్లో చదువుతారో చెప్పండి. మాస్టారి వేగంలో వింటే ఒక్క నవలకే నెలలు పడుతుంది. నేను పొద్దున్నే పనులు చేసుకుంటూ ఒక పుస్తకం, బస్సులో ఒక పుస్తకం నడిపిస్తాను. నాకు తెలిసినవాళ్ళందరూ ఇంతే. కొందరు నాకంటే వేగం."

హెడ్‌ఫోన్లు సంచీలోంచి బయటికి రాలేదు. ఫోనావిడ తన ఫోనులోనే, బొటనవేలంత స్పీకరులోనే, ఒకే పేజీ రెండు ప్రతులనూ వినిపించింది. సౌండక్కకు రెండూ టకటకలే. కానీ దిద్దిన ప్రతి మొదలవగానే ఫోనావిడ కనుబొమలు ముడిపడడం మాత్రం కనిపించింది.

"ఇదిగో, ఇక్కడ ఒక వాక్యం అయిపోయింది. తెలిసిందా మీకు?"

"లేదు."

"నాకూ తెలియలేదు. ఈ వేగంలో నాకు ఊపిరే ఫుల్‌స్టాపండీ. చిన్న ఊపిరైతే కామా. మాస్టారి గొంతు దిగిందంటే ఆ ఆలోచన అయిపోయిందని. మీ ప్రతిలో గొంతు దిగదు, ఎవరూ ఊపిరి పీల్చరు. వినే నాకే ఊపిరాడదు. పైగా ఆ కింద ఏదో బరువు పెట్టారు, చిన్న స్పీకరులో అదంతా ముద్దయిపోయి అక్షరాలు మునిగిపోతున్నాయి."

"ఆ చివరి మాట వినిపించాలనే కదండీ నేను పైకెత్తింది. వెళ్ళాడో వెళ్ళలేదో తెలియొద్దా?"

"అది నేను ఊహించుకోగలను" అంది ఫోనావిడ నెమ్మదిగా. "ఎక్కడ ఆగాలో మాత్రం ఊహించుకోలేను."

సౌండక్క టీ కూడా తాగకుండా లేచింది. మెట్లు దిగుతూ మూడింతల వేగంలో వినేవాళ్ళను తిట్టుకుంది, బొటనవేలంత స్పీకర్లు చేసేవాళ్ళను తిట్టుకుంది, ఇంటికెళ్ళి భర్త ముందు ఆ తిట్లన్నీ మళ్ళీ వరసగా చదివింది. ఆయన ఓపిగ్గా విని, "ఇంతకీ వాళ్ళు ఎలా వింటారో ఇన్నేళ్ళలో నువ్వెప్పుడూ అడగలేదా?" అన్నాడు. ఆయన మంచికే అడిగాడు.

మర్నాడు ఆవిడ ఇంకో దారి పట్టింది. సరే, వేగంగా వినేవాళ్ళ కోసమే దిద్దుతాను, నాకు రాని పనా అనుకుంది. మాస్టారి కొత్త పుస్తకాన్ని మూడింతల వేగంలో పెట్టి, పుల్లలు జరుపుతూ కూర్చుంది. పుల్ల జరిపితే టకటకలు కాస్త మారుతున్నాయి. మంచికి మారుతున్నాయో చెడ్డకి మారుతున్నాయో తేలడం లేదు. వేగం రెండింతలకు తగ్గించింది, అక్కడక్కడా ఒక మాట చేతికి దొరికింది. మళ్ళీ పెంచింది, మళ్ళీ పోయింది. మూడు రోజులు అదే పని. స్పీకరు మీద వేలితో తట్టి జబ్బు చెప్పిన మనిషికి, బట్టలారేసుకుంటూ ఇంకొకావిడ వినే ముక్క అందడం లేదు. మూడో రోజు సాయంత్రం హెడ్‌ఫోన్లను బల్ల మీద విసిరికొట్టింది. తర్వాత ఫోను తీసి, సెలవు రోజున ఒకసారి రాగలరా అని ఫోనావిడను అడిగింది. అడగడానికి ప్రాణం చచ్చినంత పనైంది.

ఫోనావిడ శనివారం వచ్చింది. సౌండక్క తన కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు. ఫోనావిడ పుల్లలను చివర నుంచి చివరకు వేళ్ళతో తడిమి, ఏది ఏమిటో అడిగి తెలుసుకుని, పని మొదలుపెట్టింది. మొదట గేటు తీసేయమంది. తర్వాత కంప్రెసరు తీసేయమంది. నూట అరవైని మధ్యకు లాగి, ఇంకా కిందికి లాగింది. సౌండక్క పైకి నెట్టిన పుల్లలను ఒక్కొక్కటే మొదటి చోటికి తెచ్చింది. ముప్పావుగంటయ్యేసరికి స్పీకర్లలోంచి వస్తున్నది దాదాపు ముడి ప్రతే.

"ఇదొక్కటి ఏమిటండీ?" అంది, కుడివైపు ఒక పుల్ల మీద వేలు ఆపి.

"ఆరు వేలు. స, శ అన్నప్పుడు మాస్టారు ఈల వేస్తారు. అది తగ్గిస్తాను."

ఫోనావిడ దాన్ని పైకీ కిందికీ జరిపి విని, సౌండక్క పెట్టిన చోటే వదిలేసింది. "ఇది బాగుంది. వేగంలో ఆ ఈల చెవిలో గుచ్చుకుంటుంది. ఇది మాత్రం ఆపకండి."

ముప్పై ఒక్కింటిలో ఒకటి. సౌండక్క నవ్వాలో ఏడవాలో తెలియక గ్లాసులో నీళ్ళు పోసి ఆవిడ చేతికిచ్చింది. నీళ్ళు తాగి లేస్తూ ఫోనావిడ ఇంకో మాట అడిగింది.

"మాస్టారు చాన్నాళ్ళ కిందట ఆరు భాగాల నవల ఒకటి చదివారు కదండీ. నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగో అధ్యాయం దాటలేక వదిలేశాను. దాని ముడి ప్రతి ఒకసారి ఇప్పించగలరా?"

పద్నాలుగేళ్ళ కిందటి నవల అది. దిద్దడానికి పదకొండు నెలలు పట్టింది. మాస్టారి గొంతు అప్పుడు నిండుగా ఉండేది, దాన్ని ఇంకా నిండుగా చేసింది తను. తను చేసిన పనుల్లో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా అదే చెప్పేది. ముడి ప్రతి లేదు. ఏ పుస్తకం దిద్దడం పూర్తయినా ఆ సాయంత్రమే ముడి రికార్డింగును చెరిపేసేది. అడ్డదిడ్డంగా ఉన్న సరుకు ఎవరి చెవినైనా పడితే పరువు పోతుందని. ముడి ప్రతులు ఇవ్వడం మొదలైన ఈ రెండేళ్ళవి నలభై ఒక్క పుస్తకాలు మిగిలాయి. అంతకుముందువి నాలుగు వందల పన్నెండు. అన్నీ దిద్దినవే ఉన్నాయి, అన్నీ ఊపిరి లేనివే.

"వెతికి చెబుతానండీ" అంది. వెతకడానికి ఏమీ లేదని తెలిసే అంది.

ఆ తర్వాతి వారం ఆవిడ చేసిన పనికి, మేనమామ బతికుంటే చెవి మెలిపెట్టేవాడు. తొక్కిపెట్టిన గొంతును తిరిగి విప్పడం ఏ యంత్రం వల్లా కాదు, అది ఆవిడకు తెలుసు. అందుకని ఊపిరులు తిరిగి అతికించబోయింది. మాస్టారి ఈ ఏడాది రికార్డింగుల్లోంచి పెద్దవీ చిన్నవీ ఊపిరులు ఏరి, పాత నవలలో వాక్యం వాక్యానికీ మధ్య ఒక్కొక్కటే దూర్చింది. కోసిన చేత్తోనే కుట్టుకుంటూ పోయింది. నాలుగు రోజులకు పది పేజీలయ్యాయి. మాస్టారిని పిలిచి వినిపించింది.

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. నవ్వు ఆపుకోవాలని చూశారు గానీ వల్ల కాలేదు.

"చదివేది నేనే, ఆయాసపడేదీ నేనే. కానీ వీళ్ళిద్దరికీ పరిచయం లేదమ్మా."

నిజమే. యాభై తొమ్మిదేళ్ళ గొంతు హాయిగా సాగిపోతోంది, మధ్య మధ్య డెబ్బై మూడేళ్ళ ముసలాయన మెట్లెక్కుతున్నాడు. అది సౌండక్కకు వినబడలేదని కాదు, మొదటి పేజీకే వినబడింది. అయినా పది పేజీలు కుట్టింది.

"మళ్ళీ చదువుతారా మాస్టారూ?" అంది. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది.

"అరగంట చదివితే మర్నాడు మాట పెగలడం లేదమ్మా. చిన్న పుస్తకాలంటే నెట్టుకొస్తున్నాను. ఆరు భాగాలు నా వల్ల కాదు." కుర్చీలోంచి లేస్తూ, "నువ్వు మాత్రం ఏం చేస్తావు, మంచిగా ఉండాలనే చేశావు. నీ తప్పేముంది?" అన్నారు.

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా అక్కడ తెగింది. "తప్పు నాదే మాస్టారూ. కనీసం అదైనా నాకుండనివ్వండి" అని గదిలోంచి బయటికొచ్చేసింది. నడవాలో నిలబడి గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆఫీసరు మీద ఏడుపు కాదు, వేగంగా వినేవాళ్ళ మీదా కాదు. కోపం తెచ్చుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు, అదే ఆవిడకు భరించరానిదైంది.

దిద్దే పని ఆపేయవచ్చని ఆఫీసరుకు కాగితం తనే రాసిచ్చింది. ఆరు వేల పుల్ల ఒక్కటి మాత్రం రికార్డింగప్పుడే తగ్గించాలని, గేటూ కంప్రెసరూ ముట్టుకోకూడదని, ముడి ప్రతిని ఎవరూ చెరపకూడదని రాసింది. ఆఫీసరు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా కింద సంతకం పెట్టాడు.

అరువు కౌంటరులో పని ముప్పాతిక వంతు ఫోనులోనే. రెండో రోజు పది గంటలకు ఒక పెద్దాయన చేశాడు. ఆయనకు కావలసింది ఆరు భాగాల నవల.

"ముడి ప్రతే ఇవ్వండమ్మా, దిద్దింది వద్దు."

"ముడి ప్రతి లేదండీ."

"ఎందుకు లేదు?"

"చెరిపేశారు."

"ఎవరో గానీ, వాళ్ళకి వినడం తెలియదమ్మా" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

"నేనేనండీ చెరిపింది" అంది సౌండక్క.

ఫోను పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు.

"మరైతే ఇప్పుడెలా?" అన్నాడు.

వెనక అరలో ఆ నవల అచ్చు పుస్తకం ఉంది, ఆరు భాగాలూ. అందులో ఎక్కడెక్కడ ఊపిరి పీల్చాలో ఆవిడకు తెలిసినంతగా మాస్టారికి కూడా తెలియదు, పదకొండు నెలలు వాటిని వెతికి కోసింది తనే కదా. కుర్చీ వెనక్కి జరిపి మొదటి భాగం అందుకుంది.

"రోజూ ఈ వేళకి చేయండి" అంది. "పావుగంట నేను చదువుతాను."

మొదటి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది. వాక్యం చివర గొంతు దించింది, ఆగింది, ఊపిరి పీల్చింది, ఇంకో వాక్యం అందుకుంది. జాగ్రత్తగా, ఏ మాటా మింగకుండా ఒక పేజీ పూర్తిచేసింది. ఇంత శ్రద్ధగా తను ఏ పుస్తకమూ చదివి ఎరగదు.

"అమ్మా" అన్నాడు పెద్దాయన, మధ్యలో ఆపినందుకు నొచ్చుకుంటూ. "కాస్త తొందరగా చదువుతారా?"